వరద నీటిలో రబ్బరు బోటు ఎందుకు మాట వినదు? పెద్ద ఇంజిన్ పెడితే సరిపోదా?

2024 సెప్టెంబర్ మొదటి వారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు నీట మునిగాయి. మేడల మీద చిక్కుకున్నవాళ్లు పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం, అన్నిటికంటే ముందు బోటు కోసం ఎదురుచూశారు. బోట్లు మెయిన్ రోడ్ల మీదే తిరుగుతున్నాయని, లోపలి సందుల్లోకి రావడం లేదని చాలామంది బాధితులు అప్పట్లో మీడియా ముందు వాపోయారు.

అప్పుడు బోట్లు చాలలేదన్న మాట నిజమే. అయితే ఆ వారమంతా డెస్క్‌లో కూర్చుని వీడియోలు చూసినవాళ్లకు ఇంకో సంగతి కూడా కనిపించింది. కొన్ని రబ్బరు బోట్లు ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్లలోకి దిగబడి కదులుతున్నాయి. మలుపు దగ్గర కొన్ని అడ్డం తిరిగిపోతున్నాయి. కొన్నిటిని సిబ్బంది నీళ్లలోకి దిగి చేత్తో తోస్తున్నారు. ఇంజిన్ ఉన్న బోటును తోయాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబులో సగం వరద దగ్గర ఉంది. మిగతా సగం బోటును ఎలా సిద్ధం చేశారు, ఎలా నడిపారు అన్నదాంట్లో ఉంది. ఆ రెండో సగాన్ని సరిచేయడానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ముందు గాలి సంగతి

ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్ బృందాలు వాడే ఈ బోటుకు రెండు పక్కలా లావాటి గాలి ట్యూబులుంటాయి. మధ్యలో అల్యూమినియం లేదా చెక్క పలకల నేల, వెనక ఇంజిన్ బిగించే గట్టి చెక్క ఉంటాయి. ట్యూబులు లోపల గదులుగా విడిపోయి ఉంటాయి కాబట్టి ఒకచోట చిల్లు పడినా బోటు వెంటనే మునిగిపోదు. మడిచి జీపులో వేసుకుని వెళ్లొచ్చు, నాలుగు వైపులా పట్టుకుని గోడ దాటించొచ్చు. వరదల్లో దీన్ని ఎంచుకునేది అందుకే.

దీని బలహీనత కూడా ఆ గాలే. ట్యూబులు గట్టిగా ఉన్నంతసేపే అది బోటు. కాస్త మెత్తబడిందంటే మధ్యలో వంగుతుంది. వంగిన బోటును ఇంజిన్ ఎంత నెట్టినా, ఆ బలంలో కొంత బోటును మడవడానికే పోతుంది. స్టీరింగ్ తిప్పితే ముందు వెనక భాగం కదులుతుంది, ముందు భాగం ఆలస్యంగా స్పందిస్తుంది. నడిపేవాళ్లకు బోటు మాట వినడం లేదనిపించేది అప్పుడే.

చిల్లు లేకుండానే ట్యూబు మెత్తబడుతుందా అంటే, బడుతుంది. ఒక లెక్క చూద్దాం. ఎండలో నిలబెట్టిన లారీ మీద, ట్యూబులోని గాలి 45 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు 0.25 బార్ ఒత్తిడి వచ్చేదాకా కొట్టారనుకోండి. ఇలాంటి బోట్లకు తయారీదారులు చెప్పే ఒత్తిడి సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. బోటును 27 డిగ్రీల నీళ్లలో దించాక లోపలి గాలి కూడా అదే వేడికి చల్లబడితే, ఒత్తిడి సుమారు 0.18 బార్‌కు పడిపోతుంది. ఒక్క బుడగ బయటికి రాకుండానే దాదాపు 30 శాతం గట్టితనం పోయినట్టు. అందుకే నీళ్లలో దించిన పది నిమిషాల తర్వాత గేజ్ పెట్టి చూసి మళ్లీ పంపు కొట్టాలి. తిరిగి ఒడ్డుకు లాగి ఎండలో పెట్టినప్పుడు కొంత గాలి వదలాలి, లేకపోతే అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. బొటనవేలితో నొక్కి చూసి 'బాగానే ఉంది' అనుకోవడం సైకిల్ టైరుకు సరిపోతుందేమో కానీ, పదిమందిని ఎక్కించుకునే బోటుకు సరిపోదు.

గాలి కొట్టే వరస కూడా ముఖ్యం. ఒక గదిని పూర్తిగా నింపేసి తర్వాతి దానికి వెళ్తే లోపలి అడ్డుగోడ ఒక పక్కకు ఉబ్బుతుంది. అన్నిటినీ సగం సగం నింపి, తర్వాత అన్నిటినీ పూర్తి ఒత్తిడికి తేవాలి. అడుగున గాలి కీల్ ఉన్న బోట్లలో దాన్ని మర్చిపోవడం మామూలే. కీల్ మెత్తగా ఉంటే బోటు తిన్నగా పోకుండా పక్కలకు జారుతుంది.

బరువంతా వెనకే

ఇప్పుడు బోటులో ఏది ఎక్కడ ఉంటుందో ఊహించండి. ఇంజిన్ చివర్న ఉంటుంది. 25 హార్స్‌పవర్ ఇంజిన్ అయితే రకాన్ని బట్టి సుమారు 50 నుంచి 70 కిలోలు. దాన్ని నడిపే మనిషి పక్కనే కూర్చోవాలి, ఎందుకంటే స్టీరింగ్ అంటే ఇంజిన్‌కు ఉన్న చిన్న హ్యాండిలే. పెట్రోల్ ట్యాంకు కూడా పైపు పొట్టిగా ఉందని అక్కడే పెడతారు. 25 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే పెట్రోలే 18 కిలోల పైన తూగుతుంది. సాయానికి వచ్చిన ఇంకో మనిషి కూడా అక్కడికే చేరతారు. వెరసి రెండు వందల కిలోల పైచిలుకు బరువు బోటు చివరి రెండు మూడు అడుగుల్లో పడుతుంది.

ముక్కు లేస్తుంది. నడిపేవాళ్లకు ముందున్నది కనిపించదు. ఎదురుగాలి వీస్తే లేచిన అడుగు భాగాన్ని పట్టుకుని బోటును పక్కకు నెడుతుంది. వేగం పెంచితే కొన్ని బోట్లు ముక్కుతో ఎగిరి పడుతూ గెంతడం మొదలుపెడతాయి. ఖాళీ బోటుతో ఎదురుగాలిలో దూకుడుగా వెళ్తే వెనక్కి తిరగబడే ప్రమాదం కూడా ఉంది.

పరిష్కారం వినడానికి మరీ చిన్నగా ఉంటుంది. పొడుగు పైపు వేసి పెట్రోల్ ట్యాంకును ముందుకు జరపాలి. తాళ్లు, మంచినీళ్ల కేసులు ముందు పెట్టాలి. ఇంజిన్ హ్యాండిల్‌కు పొడిగింపు గొట్టం తగిలిస్తే నడిపే మనిషి ఓ రెండడుగులు ముందుకు జరిగి కూర్చోవచ్చు. రెండో మనిషి ముక్కు దగ్గర తెడ్డు పట్టుకుని ఉండాలి. ఆ మనిషి అక్కడ ఉండాల్సింది బరువు కోసమే కాదు, నీళ్లలో మునిగిన బైకు, కాంపౌండ్ గోడ, గేటు మీది ఇనుప మొనలు ముందుగా కనిపెట్టడానికి కూడా.

ఇంజిన్ ఎత్తు, వంపు

ప్రొపెల్లర్‌కు కాస్త పైన, ఇంజిన్ కాలికి అడ్డంగా ఒక పలక ఉంటుంది. అది బోటు అడుగుతో సమానంగానో, ఓ అంగుళం కిందనో ఉండాలి. మరీ పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలిని లాక్కుంటుంది. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. మరీ కిందికి ఉంటే నీటిని అనవసరంగా చీలుస్తూ వేగం తగ్గుతుంది, లోతు తక్కువున్న చోట రోడ్డుకు తగులుతుంది. ఇంజిన్లు 15 అంగుళాల పొట్టి కాలుతో, 20 అంగుళాల పొడుగు కాలుతో వస్తాయి. బోటు ఒకసారి, ఇంజిన్ ఇంకోసారి కొంటే ఈ కొలత కలిసిందో లేదో ఎవరో ఒకరు టేపు పట్టి చూడాల్సిందే.

వంపు మార్చడానికి ఇంజిన్ బిగింపులో వరసగా రంధ్రాలు, ఒక పిన్ను ఉంటాయి. పిన్నును బోటు వైపు జరిపితే ముక్కు దిగుతుంది, బయటికి జరిపితే లేస్తుంది. ఒక్క రంధ్రం తేడాతో బోటు స్వభావమే మారిపోతుంది. ఇక ప్రొపెల్లర్. తేలికైన బోటుతో వేగంగా పోవడానికి ఒక రకం, నిండా మనుషులతో నెమ్మదిగా లాగడానికి ఒక రకం ఉంటాయి. ఒక్క చుట్టుకు ఎంత ముందుకు నెడుతుందో చెప్పే కొలతను పిచ్ అంటారు. అది ఒక అంగుళం తగ్గితే ఇంజిన్ నిమిషానికి దాదాపు 200 చుట్లు ఎక్కువ తిరగగలుగుతుంది. బైకుకు ఫస్ట్ గేరు ఎలాగో, సహాయక బోటుకు తక్కువ పిచ్ అలాగ.

ఆన్‌లైన్‌లో ఇంజిన్ కాలికి తగిలించే ప్లాస్టిక్ రెక్కలు కూడా అమ్ముతారు. వెనక భాగం దిగబడకుండా కొంత సాయం చేస్తాయి. వీధుల్లో వరదకు అవి అవసరమా అంటే నాకైతే అనుమానమే. చీరలు, కేబుల్ వైర్లు తేలే నీళ్లలో తగులుకోవడానికి ఇంకో వస్తువు పెట్టినట్టవుతుంది. ముందు బరువు సర్దితే చాలా వరకు ఆ రెక్కల అవసరమే రాదు.

భయపడి యాక్సిలరేటర్ తగ్గిస్తే?

కారు నడిపే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఈ బోటుకు విడిగా చుక్కాని లేదు. ప్రొపెల్లర్ నెట్టే దిశే స్టీరింగ్. అంటే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే స్టీరింగ్ దాదాపుగా పోయినట్టే, ఆపై బోటు ప్రవాహం ఇష్టం. ఎదురుగా గోడ కనిపించగానే కొత్తవాళ్లు చేసే మొదటి పని అదే. రెండోది, కంగారులో హ్యాండిల్‌ను తప్పు వైపు తిప్పడం. హ్యాండిల్ ఎడమకు తోస్తే బోటు కుడికి తిరుగుతుంది. ఇది బుర్రతో గుర్తుపెట్టుకునే విషయం కాదు, చేతికి అలవాటు కావాలి.

ప్రవాహానికి అడ్డంగా వీధి దాటాలంటే ముక్కును కాస్త ఎగువ వైపు పెట్టి, సరిపడా బలం ఇస్తూ బోటును పక్కకు జారనివ్వాలి. మనిషి దగ్గరికి దిగువ వైపు నుంచి, ప్రవాహానికి ఎదురుగా వెళ్లాలి. ఎగువ నుంచి వస్తే నీళ్లే బోటును తెచ్చి ఆ మనిషి మీద పడేస్తాయి. చేతికి అందే దూరంలోకి రాగానే ఇంజిన్ న్యూట్రల్‌లో ఉండాలి. బోటు తిరిగేటప్పుడు వెనక భాగం బయటికి ఊగుతుంది, ప్రొపెల్లర్ ఉండేది అక్కడే. ఇంజిన్‌కు ఎర్ర తీగ లాంటి తాడొకటి ఉంటుంది. నడిపేవాళ్లు దాన్ని కాలికో, చేతికో, లైఫ్ జాకెట్‌కో తగిలించుకుంటే, నీళ్లలో పడిన క్షణమే ఇంజిన్ ఆగిపోతుంది. తగిలించుకోకపోతే బోటు అదే చోట గుండ్రంగా తిరుగుతూ పడినవాళ్ల మీదికే రావచ్చు.

ఏడాదికోసారి స్టార్ట్ చేసే ఇంజిన్

వరద సహాయక బోటు ఏడాదిలో ఎక్కువ రోజులు గోడౌన్‌లోనే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో, కార్బురేటర్‌లో వదిలేస్తే కావాల్సిన రోజున ఇంజిన్ దగ్గుతుంది, స్టార్ట్ కాదు. పని అయిపోగానే కార్బురేటర్ ఖాళీ చేయడం, బురద నీళ్లలో తిరిగిన ఇంజిన్‌ను మంచినీళ్లతో కడగడం, నెలకోసారి డ్రమ్ములో పెట్టి నడపడం తప్పనిసరి. నడుస్తున్న ఇంజిన్ పక్క నుంచి సన్నటి నీటిధార పడుతుండాలి. అది ఆగిందంటే చల్లబరిచే దారి బురదతో పూడిపోయిందని అర్థం.

ఏటా వానాకాలానికి ముందు బోట్లు ఇన్ని, లైఫ్ జాకెట్లు ఇన్ని సిద్ధం అన్న ప్రకటనలు మన డెస్క్‌కు వస్తూనే ఉంటాయి. వాటిని వార్తగా రాసేస్తాం, నేనూ రాశాను. నిజానికి అడగాల్సినవి వేరే. వీటిలో గత నెలలో ఎన్ని ఇంజిన్లు స్టార్ట్ చేశారు? గంటల లెక్క రాసే లాగ్‌బుక్ ఉందా? మాక్ డ్రిల్ ఖాళీ బోటుతో నిలకడ నీళ్లలో చేశారా, నిండా బరువుతో పారే నీళ్లలో చేశారా? సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా ఇవి అడగొచ్చు. ఎన్‌డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులోనే ఉంది. వాళ్లకు ఇదే పని, ఇదే శిక్షణ. అయితే తొలి గంటల్లో మీ వీధికి వచ్చేది అగ్నిమాపక సిబ్బందో, మున్సిపాలిటీ వాళ్లో, పక్క ఊరి మత్స్యకారులో కావచ్చు. శిక్షణ అందాల్సింది అక్కడిదాకా.

మీరే ఎక్కాల్సి వస్తే

ట్యూబుల మీద కాకుండా నేల మీద కూర్చోండి. ఒక్కొక్కరే, నడుము వంచి, మధ్యలో అడుగు వేస్తూ ఎక్కండి. అందరూ ఒకే పక్కకు ఒరగొద్దు. వెనక ఇంజిన్ దగ్గర గుమిగూడొద్దు, సిబ్బంది ముందుకు జరగమంటే జరగండి. గ్యాస్ సిలిండర్, కత్తిపీట లాంటివి తేవొద్దు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టాకే బోటు కదలనివ్వండి.

సాయం కోసం 112 లేదా రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఫోన్ చేసినప్పుడు చిరునామాతో పాటు మీ వీధిలో నీళ్లు మోకాలి లోతా, మనిషి లోతా, పారుతున్నాయా నిలిచాయా, దారిలో గోడలు, వేలాడే వైర్లు ఉన్నాయా చెప్పండి. నడవలేని పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా చెప్పండి. ఏ బోటు పంపాలి, ఇంజిన్‌తో రావాలా తెడ్లతో రావాలా అన్నది ఈ వివరాలను బట్టే తేలుతుంది.