తలుపు మీద కాగితం

– బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి

ఈ సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "యువత – దేశ భవిష్యత్తు" అనో, "విజ్ఞానం వరమా, శాపమా" అనో రాద్దామనుకున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అవి రాస్తూనే ఉన్నారు గదా! ఈసారి ఆ భారం ఇంకొకరికి వదిలేసి, ఎల్లారెడ్డిలో మా చిన్నాయన ఇంటి తలుపు మీద అంటించిన ఒక కాగితం గురించి రాస్తున్నాను.

మా చిన్నాయన గల్ఫులో తాపీ పని చేశాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఏ ఊరికి పోయినా కొత్త స్లాబు ఇల్లు కనిపిస్తే, ఆ ఇంటి మనిషి ఒకడు దుబాయిలోనో, సౌదీలోనో ఉన్నాడని అనుకోవచ్చు. చిన్నాయన 2021లో ఒక సంస్థ నుంచి పదిలక్షల ఋణం తీసుకొని ఇల్లు కట్టాడు. మా బాపు జమానతు సంతకం పెట్టాడు. నడుము దెబ్బ తగిలి 2024లో చిన్నాయన తిరిగి వచ్చేశాడు. కొన్నాళ్ళు బాపే ఆదుకున్నాడు. 2025 ఆగస్టు ఆఖరు వానలు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. కామారెడ్డి కాలనీల్లో నీళ్ళు నిలిచి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన వానలు అవి. మా వరి పొలంలో ఇసుక మేట వేసింది. ఆ తర్వాత బాపు దగ్గర కూడ ఇవ్వడానికేమీ లేకపోయింది.

దసరా వెళ్ళిన తర్వాత రిజిస్టర్డు పోస్టులో ఒక కవరు వచ్చింది. చిన్నాయన దాన్ని విప్పి చూసి, మళ్ళీ మడిచి, దేవుని పటం వెనుక పెట్టాడు. నాకు చెప్పలేదు, బాపుకు చెప్పలేదు, చిన్నమ్మకు కూడ చెప్పలేదు. సంక్రాంతి సెలవులకు నేను పోయేసరికి రెండో కాగితం తలుపు మీదనే ఉంది. వాడకట్టంతా చదివింది. చదవడమంటే, అది ఇంగ్లీషులో ఉంది కనుక చూసింది అనాలి. చిన్నమ్మ నీళ్ళకు కూడ బయటికి రావడం మానేసింది.

"ముందొచ్చింది ఏదీ?" అని అడిగితే పటం వెనుక నుంచి తీసి ఇచ్చాడు. "ఇంగ్లీషుల ఉన్నదిరా. పైసలు కట్టమనే కదా రాస్తరు. పైసలు లేనప్పుడు చదివి ఏం జేయాలె?" అన్నాడు.

ఈ వ్యాసంలో నా వాదన అంతా ఆ మాట మీదనే. ఇల్లు పోయేది బాకీ వల్ల మాత్రమే కాదు; చాలా ఇండ్లు సిగ్గు వల్ల, చదవని కాగితం వల్ల పోతున్నాయి. మొదటి నోటీసులో "పైసలు కట్టు" అని మాత్రమే ఉండదు. ఎన్ని రోజులు గడువు ఉంది, ఆ లోపల మనం ఏం చేయవచ్చు అనేది కూడ ఉంటుంది.

ఆ నోటీసు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వచ్చింది. ఈ చట్టం ప్రకారం తాకట్టు ఉన్న ఇంటిని అమ్ముకోవడానికి బ్యాంకు ముందుగా కోర్టుకు పోనవసరం లేదు. వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతాను ఎన్.పి.ఏ. అని రాసుకుంటారు. తర్వాత పదమూడో సెక్షను కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. ఆ అరవై రోజుల్లో ఋణగ్రహీత తన అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. లెక్క తప్పని గాని, కట్టింది జమ చేయలేదని గాని, గడువు కావాలని గాని రాయవచ్చు. అది అందిన 15 రోజుల్లో, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో బ్యాంకు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఈ హక్కు ఊరికే రాలేదు. మార్డియా కెమికల్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే చట్టంలోకి ఎక్కింది. అరవై రోజులు మౌనంగా గడిపిన మా చిన్నాయన ఆ హక్కును పటం వెనుకనే పెట్టుకున్నాడన్న మాట!

రెండో కాగితం స్వాధీన ప్రకటన. తలుపు మీద అంటించి, రెండు పత్రికల్లో వేస్తారు. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. ఇది చూడగానే మనవాళ్ళు ఇల్లు పోయిందనే అనుకుంటారు. పోలేదు. కాగితం మీద స్వాధీనం వేరు, సామాను బయట పెట్టించడం వేరు. రెండోదానికి మామూలుగా కలెక్టరు ఉత్తర్వో, మేజిస్ట్రేటు ఉత్తర్వో తెచ్చుకుంటారు. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల లోపల హైదరాబాదులోని ఋణ వసూలు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది ఇక్కడ పొరపడి స్థానిక సివిల్ కోర్టులో ఇంజంక్షను కోసం వకీలుకు ఫీజు ఇస్తారు. ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని ఆ చట్టమే చెబుతోంది. ఫీజూ పోయె, నలభై అయిదు రోజులూ పోయె!

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మూడో కాగితానిది. వేలం రోజు దాక పైసలు తెచ్చి ఇల్లు విడిపించుకోవచ్చని మన ఊర్లలో పెద్దమనుషులు కూడ నమ్ముతారు. ఒకప్పుడు అది నిజమే. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడే లోపలే మొత్తం బాకీ చెల్లించాలి. 2023 సెప్టెంబరులో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు కూడ ఇదే ఖాయం చేసింది. అంటే మనవాళ్ళు ఆఖరి తేదీ అనుకునేది నిజానికి ఆఖరి తేదీ కాదు. అది కనీసం నెల రోజుల ముందే దాటిపోయి ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక గల్ఫు నుంచి తమ్ముడు పైసలు పంపేదాక ఆగినవాళ్ళను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇక లెక్కల సంగతి. గణితం చదివేవాణ్ణి గనుక ఊరుకోలేను. పదిలక్షలు, ఇరవయ్యేండ్లు, 7 శాతం వడ్డీ అయితే నెల వాయిదా 7,753 రూపాయలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాక రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. మారే వడ్డీ మీద తీసుకున్న ఋణం 9.5 శాతానికి చేరిందనుకోండి. రెండేండ్లు తప్పకుండ కట్టినా అసలు ఇంకా సుమారు తొమ్మిదిన్నర లక్షలుంటుంది. దాని మీద ఒక్క నెల వడ్డీయే 7,500 దాటుతుంది. పాత వాయిదానే కడుతూ పోతే అసలులో తగ్గేది నెలకు రెండు మూడు వందలు! అప్పుడు ఇరవయ్యేండ్ల ఋణం మన పిల్లల పెండ్లిండ్ల దాక సాగుతుంది. 2025లో రెపో కొంత దిగింది గాని, దిగినప్పుడు మన ఖాతాలో ఎంత దిగిందో అడిగినవాడు ఎవడు? వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అనేది ఋణగ్రహీతను అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. చిన్నాయనను ఎవరూ అడిగినట్టు లేదు. అడిగి ఉంటే అది కూడ ఇంగ్లీషులోనే అడిగి ఉంటారు.

ఈ స్థితిలో మనవాళ్ళు చేసే అతిపెద్ద తప్పు, బ్యాంకు వాయిదా కోసం ఊర్లో మూడు రూపాయల మిత్తికి తేవడం. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. తొమ్మిదిన్నర శాతం మంటను ముప్పై ఆరు శాతం నూనెతో ఆర్పడం అది. అంతకంటె ఘోరం, పూచీ కింద ఇంటిని సేల్‌డీడు చేసి ఇవ్వడం. "పైసలియ్యంగనె మల్ల రాసిస్త" అన్న మాట నోటి మీదనే ఉంటుంది, రిజిస్ట్రేషను మాత్రం అమ్మకమే అవుతుంది. తాకట్టు అయితే విడిపించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం ఇస్తుంది. అమ్మకమైతే, తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో రాసి లేకపోతే, తాకట్టు అని వాదించే దారి దాదాపు మూసుకుపోయినట్టే. తెలంగాణ ప్రాంతంలో వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని నిజాం కాలంలోనే, 1349 ఫసలీలో చట్టం వచ్చింది. మన బజార్లలో ఆ లైసెన్సు ఎవరి దుకాణంలోనైనా వేలాడగా చూసినవాళ్ళుంటే చేతులెత్తండి!

పొలం విషయం వేరు. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ చట్టం చెల్లదు. అయితే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ భూమిలో నిజంగా సాగు జరుగుతోందని ఋణగ్రహీతే రుజువు చేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అన్నది. అది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే. నాలా మార్పిడి చేసి ఇల్లు కట్టిన జాగా గురించి ఇక చెప్పేదేముంది? సహకార సంఘాలకు వాటి సొంత వసూలు చట్టం ఉంది గనుక, సర్ఫేసీ లేదు కదా అని పొలం మీద ధీమాగా ఉండడానికీ వీల్లేదు.

1930ల్లో అమెరికాలో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు, అయోవా, నెబ్రాస్కా రాష్ట్రాల రైతులు ఒక ఉపాయం చేశారు. పొరుగువాని పొలం వేలానికి వస్తే ఊరంతా అక్కడికి పోయి, నాగలికి అయిదు సెంట్లు, ఆవుకు పది సెంట్లు అని పాడి, బయటివాణ్ణి పాట పాడనివ్వక, కొన్నవన్నీ పొరుగువానికే తిరిగి ఇచ్చేసేవాళ్ళు. ఇది చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. కాని ఈనాటి వేలం ఇంటర్నెట్‌లో జరుగుతుంది. ఎల్లారెడ్డి ఇంటిని హైదరాబాదులో కూచున్నవాడు పాడుకుంటాడు. ఊరు ఊరంతా చేరినా నిలబడడానికి చోటే లేదు. అందుకే ఆఖరు రోజు వీరత్వం కన్నా మొదటి రోజు ఉత్తరం గొప్పదని నేనంటాను.

మేము చేసింది చెబుతాను. మొదటి గడువు దాటి పోయినా, నేనూ బాపూ కూచుని ఒక ఉత్తరం రాశాం. ఎప్పుడెంత కట్టిందీ రశీదుల తేదీలతో, ఆదాయం ఎందుకు పడిపోయిందీ, ఇప్పుడు ఎంత కట్టగలమో, మిగిలింది ఏ తేదీల్లో కట్టగలమో రాశాం. ఖాతా వివరం, వేసిన అపరాధ రుసుము లెక్క అడిగాం. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర వేయించుకున్నాం. కౌంటరులోని ఆయన ముద్ర వేయనన్నాడు. వేసేదాక బాపు అక్కడే కూచున్నాడు. రెండు బర్రెలు, చిన్నమ్మ పుస్తెల గొలుసు పోయాయి. పాత బాకీ మూడు విడతల్లో కట్టడానికి ఒప్పుకున్నట్టు వాళ్ళు రాసి ఇచ్చారు. రెండు విడతలు కట్టాం, ఒకటి మిగిలింది. కట్టలేని పరిస్థితే వస్తే, వేలం ప్రకటన రాకముందే, బ్యాంకు లిఖిత సమ్మతితో మేమే ఇల్లు అమ్ముదామని బాపు అంటున్నాడు. చిన్నాయనకు ఆ మాట గిట్టదు. కాని వేలంలో వచ్చే ధర కంటె మనం వెతికిన కొనుగోలుదారు ఇచ్చే ధర మామూలుగా ఎక్కువే ఉంటుంది. బాపు మాటే నాకు సబబనిపిస్తుంది.

జమానతు సంతకం పెట్టినవాళ్ళకు ఒక మాట. మన గురువుల్లో కూడ కొందరుంటారు. బాకీ ఎగబడితే బ్యాంకు జమానతుదారు దగ్గరికి కూడ రావచ్చు. సంతకం పెట్టిన ఋణం ఎట్ల నడుస్తున్నదో ఏడాదికి ఒకసారైనా కనుక్కోండి సార్!

తీసుకున్న అప్పు కట్టాలి గదా, బ్యాంకు సొమ్ము ప్రజల సొమ్మే గదా అని నాతో వాదించిన మిత్రులున్నారు. కాదనను. మా ఇంట్లో ఎవరూ ఎగ్గొడతామనలేదు. కాని ఋణం ఇచ్చే రోజు తెలుగులో నవ్వుతూ మాట్లాడినవాళ్ళు, ఇల్లు తీసుకునే రోజు ఇంగ్లీషులోనే ఎందుకు రాయాలి? అరవై రోజుల గడువు అర్థం కాని భాషలో ఇస్తే అది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? నోటీసుతో పాటు తెలుగు ప్రతి కూడ తప్పనిసరి చేయాలని మన యూనియన్ తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాను.

అది అయ్యేదాక మనం చేయగలిగింది ఒకటుంది. మన కాలేజీలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు వందల్లో ఉన్నాం. శనివారం మధ్యాహ్నం యూనియన్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి కూచుందాం. వచ్చినవాళ్ళ కాగితం చదివి, తేదీలు రాసిపెట్టి, ఉత్తరం రాసి ఇద్దాం. మనం వకీళ్ళం కాము. కోర్టు పని పడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపుదాం. అక్కడ ఆడవాళ్ళకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, తక్కువ ఆదాయం వారికి వకీలును ఉచితంగా ఇస్తారు. బ్యాంకు జవాబే ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు రాసి పెడదాం. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు మనుషులు ఫోను చేయకూడదని 2022లోనే ఆదేశం ఉంది. ఆ సంగతి ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి గోడకు కడదాం.

నాతో పాటు కూచోవడానికి ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు. కామర్సు వాళ్ళు ఒకరిద్దరు కావాలి. కాగితాలు తెచ్చేవాళ్ళకు మాత్రం ఒకటి చెప్పండి: నోటీసు వచ్చిన కవరు పారేయకుండ తేవాలి. దాని మీద పోస్టాఫీసు ముద్రలో ఉన్న తేదీ మాకు కావాలి.