రిజిస్టరులో మీ ఊరి పేరు ఎందుకు అడుగుతున్నాము?



ఓ.పి. చీటీ రాసేటప్పుడు మా సిస్టర్లు "ఏ ఊరు?" అని అడిగితే చాలామంది "బందరు" అంటారు, లేకపోతే "గుడివాడ", "అవనిగడ్డ" అంటారు. మళ్లీ అడిగితే బస్సు ఎక్కింది అక్కడనీ, సొంత ఊరు ఇంకా లోపలికనీ తెలుస్తుంది. కొందరు విసుక్కుంటారు కూడా. "జ్వరానికి మందివ్వండమ్మా, మా ఊరితో మీకేం పని?" అంటారు. పని ఉంది. అదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. చాలా సంవత్సరాలు మేము కూడా ఊరి గడిలో దగ్గరి టౌను పేరు రాసి ఊరుకున్నాము. ఏడాది చివర లెక్క తీస్తే ఎంతమందికి విరేచనాలు పట్టుకున్నాయో చెప్పగలిగాము గాని, వారంతా ఏ చెరువు నీళ్లు తాగినవారో చెప్పలేకపోయాము. అటువంటి లెక్క బీరువాలో దాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మన డెల్టాలో ఈ విషయం అందరికీ తెలుసు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. నింపి ఉంచిన మంచినీటి చెరువు మీదే ఊరంతా ఆధారపడుతుంది. నీరు అడుగంటినప్పుడో, పైపు పగిలి మురుగు కలిసినప్పుడో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒక్క బిడ్డ వస్తే సెలైను ఎక్కించి పంపుతాము. అదే వారంలో అదే ఊరి నుండి ఐదుగురు వస్తే అది ఆ ఊరి నీటి జబ్బు. అప్పుడు కావలసింది క్లోరినేషను, పైపు మరమ్మతు. ఊరి పేరు సరిగా రాయకపోతే ఆ ఐదుగురూ ఐదు వేర్వేరు చీటీలుగానే మిగిలిపోతారు.

ఇందుకోసమే కేంద్ర ప్రభుత్వం 2004 నవంబరులో సమగ్ర వ్యాధుల నిఘా కార్యక్రమం ప్రారంభించింది. మొదటి విడత రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏ.ఎన్.ఎం. తాను చూసిన లక్షణాలను, డాక్టరు తన అనుమానాన్ని, ల్యాబు పరీక్ష ఫలితాన్ని వేర్వేరు ఫారాలలో వారం వారం పంపేవారు. 2021 నుండి ఈ వివరాలు కంప్యూటరు ద్వారా ఏ రోజుకారోజు వెళ్లే ఏర్పాటు వచ్చింది. డాక్టర్లు నింపే ఫారంలో పాముకాటు కూడా ఉంది.

పాముకాటు అనగానే దివిసీమ వారికి 2018 ఆగస్టు గుర్తుకు వస్తుంది. వర్షాలు, వరద నీరు, నాట్ల పనులు ఒక్కసారి వచ్చి పడ్డాయి. పాముకాటు బాధితులతో అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రి పేరు రాష్ట్రమంతా వార్తల్లో వినిపించింది. పాము బయటికి వచ్చే కాలం మన రైతుకూలీలకు తెలియనిది కాదు. ఏ మండలంలో, ఏ నెలలో ఎన్ని కాట్లో గత సంవత్సరాల లెక్క చేతిలో ఉంటే, విరుగుడు ఇంజక్షన్లు నాట్లకు ముందే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చేరవచ్చు. 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ పాముకాటును తప్పనిసరిగా తెలియజేయవలసిన వాటిలో చేర్చమని రాష్ట్రాలను కోరింది. మంచి పని.

మందు కొద్దిగా ఉన్నప్పుడు ఎక్కడికి పంపాలో తెలియడం ఎంత ముఖ్యమో మశూచి చరిత్ర చెబుతుంది. 1966లో తూర్పు నైజీరియాలో మిషను డాక్టరుగా పనిచేస్తున్న విలియం ఫేగీ దగ్గర అందరికీ సరిపడా టీకా లేదు. ఆయన చుట్టుపక్కల మిషనరీలను రేడియోలో పలకరించి, మశూచి ఏ ఊళ్లలో ఉందో తెలుసుకొని, ఆ ఊళ్ల చుట్టూ టీకాలు వేయించారు. వ్యాప్తి ఆగింది. అదే పద్ధతితో మన దేశంలో కూడా 1975 నాటికి మశూచి పోయింది.

అయితే లెక్క పైకి వెళ్లడం సగం పనే. అది తిరిగి రావాలి. మనలో చాలామంది వైద్యానికి వెళ్లే వెల్లూరు సీఎంసీలో, 1980లలో డాక్టర్ టి. జాకబ్ జాన్ గారు జిల్లాలోని ఆసుపత్రుల నుండి పోస్టు కార్డుల మీద జబ్బుల వివరాలు తెప్పించేవారు. వాటిని క్రోడీకరించి, పంపినవారికే పత్రికగా తిరిగి పంపేవారు. తాము రాసింది ఉపయోగపడుతోందని చూసినవారు మళ్లీ రాస్తారు. ఇక్కడ కూడా ప్రతి ఆరోగ్య కేంద్రం ముందు ఆ నెల జ్వరాలు, విరేచనాలు, పాముకాట్లు ఊరి వారీగా బోర్డు మీద రాయాలని మా అభిప్రాయం. పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు.

పేరు బయటపడుతుందనే భయంతో కొందరు క్షయ రోగులు తప్పుడు చిరునామా ఇస్తున్నారు. వారి బాధ మాకు తెలుసు. కాని 2012 నుండి ప్రైవేటు, మిషను ఆసుపత్రులు కూడా క్షయ కేసులను తెలియజేయాలి. చిరునామా తప్పయితే మందులు మధ్యలో మానిన మనిషిని వెదకలేము, ఇంట్లో పసిబిడ్డలను పరీక్షించలేము. పోషకాహారానికి 2024 నవంబరు నుండి నెలకు రూ.1,000 చొప్పున రావలసిన సహాయం కూడా ఆగిపోవచ్చు. మీ వివరాలు చికిత్సకు సంబంధించినవారికి తప్ప ఇతరులకు చెప్పకపోవడం మా బాధ్యత. మావారెవరైనా మీరితే మా దృష్టికి తీసుకురండి.

కనుక ఈసారి వచ్చినప్పుడు ఈ సంగతులు చెప్పండి: నివాసముండే ఊరు, పేట, జబ్బు మొదలైన తేదీ, ఎక్కడి నీళ్లు తాగారు, పాము ఏ ఊరి పొలంలో కరిచింది. కూలికి పక్క ఊరు వెళ్లి ఉంటే ఆ ఊరి పేరే ముఖ్యం. సంఘ పెద్దలు కూడా, ఒకే పేటలో ఇద్దరు ముగ్గురు ఒకే జబ్బుతో పడితే ఏ.ఎన్.ఎం.కు గాని, ఆశా కార్యకర్తకు గాని ఆ రోజే కబురు చేయండి. మీరు చెప్పే ఒక్క ఊరి పేరు, ఇంకా జబ్బు పడని మీ పొరుగింటి బిడ్డను కాపాడవచ్చు.