కాపురానికి రమ్మని కోర్టు చెబితే...

మా పెద్దమ్మ కూతురికి ఈమధ్య కోర్టు నోటీసొచ్చింది. 'నా భార్య కాపురానికి రావట్లేదు, రమ్మని చెప్పండి' అని మా బావ వేసిన కేసు. అక్క అడిగింది ఒక్కటే: "నాకిష్టం లేకపోయినా పంపించేస్తారానే?"

ఫోన్‌లో వెతికితే మన కడప కేసే దొరికింది. భార్య సినీ నటి. హైస్కూల్లో ఉండగానే పెళ్లయింది, ఆ వెంటనే విడిపోయారు. ఏళ్ల తర్వాత భర్త హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కేసు వేశాడు. 1983లో ఏపీ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ.చౌదరి అసలా సెక్షనే చెల్లదన్నారు. సెక్షన్ ఇద్దరికీ ఒకటే కావచ్చు, కడుపు మోయాల్సింది మాత్రం ఆడదే కదా అన్నది ఆయన వాదన సారం.

ఏడాదికే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ సెక్షన్ కాపురాలు నిలబెట్టడానికేనంది.

ఇలాంటి తీర్పుల్ని స్త్రీవాద న్యాయవాదులు, ప్రొఫెసర్లు మళ్లీ రాస్తున్నారని మీకు తెలుసా? కెనడాలో మొదలైంది. 2010లో ఇంగ్లండ్‌లో పుస్తకమొచ్చింది. మన దేశంలోనూ రాస్తున్నారు. రూల్ ఒకటే: కేసులోని వాస్తవాలు మార్చకూడదు, ఆనాటికి ఉన్న చట్టమే వాడాలి.

సరే, మనం 1984లో కూర్చుందాం. 2017 నాటి ప్రైవసీ తీర్పు వాడటానికి లేదు. అయినా నష్టం లేదు. చౌదరిగారి తీర్పు ఎదురుగానే ఉంది. ఈ పద్ధతిని మనకు అంటగట్టిన ఇంగ్లండే 1970లో దాన్ని రద్దు చేసుకుంది. పైగా సరోజ్ రాణి కేసులో కాపురం కావాలని ముందు కోర్టుకెళ్లింది భార్యే. భర్త సరేనన్నాడు. ఏడాది దాటాక, మేం కలిసి ఉండలేదు కాబట్టి విడాకులివ్వండన్నాడు. ఇచ్చారు! మరి ఆ సెక్షన్ నిలబెట్టిన కాపురమేది? ఇంకోలా రాయడానికి ఆ రోజే దారి ఉంది. కోర్టు అటు చూడలేదంతే.

అక్కకి చెప్పాను: "పోలీసులొచ్చి లాక్కెళ్లరు. కానీ నోటీసు పక్కన పడేయకు. లాయర్ని కలువు. ఎందుకొచ్చేశావో కోర్టులో చెప్పు. సరైన కారణముంటే రమ్మనలేరు. ఆర్డరొచ్చాక ఏడాది కలిసి ఉండకపోతే, దాన్ని చూపించి విడాకులడగొచ్చు."

అంతా విని అక్క అంది: "నాకిష్టం లేదన్నది కారణం కాదా?"

చౌదరిగారి తీర్పు ఉండుంటే, ఆ ప్రశ్నే వచ్చేది కాదు.