ఇంజను అలిగితే

వాన అలిగితే బతిమాలే దారి లేదు. ఇంజను అలిగితే మాత్రం కారణం కనుక్కోవచ్చు. ఈ వారం ఆ సంగతి ముచ్చటిద్దాం.

మా అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తా వేళకు రాదు. శెనక్కాయ పూత పూసి ఊడలు దిగే రోజుల్లోనే ఆకాశం మొండికేస్తుంది. ఎర్రనేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. దిగని ఊడకు కాయ లేదు. అప్పుడు ఒక్క తడి ఇవ్వగలిగినవాడికే పంట. 2016 ఆగస్టులో ప్రభుత్వం వారు రెయిన్‌గన్నులూ, ఆయిల్ ఇంజన్లూ తెప్పించి చేలకు తడులు ఇప్పించింది ఇందుకే. కుంటలో నీళ్లున్నా, గట్టుమీద ఇంజను లేవకపోతే ఆ నీళ్లు చూసుకోవడానికే!

అటువంటి రోజుల్లో ఒక చేని గట్టున నిలబడి చూశాను. కుర్రవాడు హ్యాండిలు తిప్పి తిప్పి చొక్కా తడుపుకున్నాడు గాని, చేను తడవలేదు. పెద్దాయన స్పానరు పట్టుకొని హెడ్డు విప్పుదామంటున్నాడు. ఇంతలో మెకానిక్కు వచ్చాడు. సంచి విప్పలేదు.

"నిన్న ఎట్ల నిలిచిపోయె మామా?" అన్నాడు.

"డీజిల్ అయిపోయి నిలిచిపోయె అల్లుడూ. పొద్దున్నే టాంకు నిండా పోసినాం."

"ఇంగ హెడ్డు యాల ఇప్పేది? గొట్టంలో గాలి చిక్కింటాది."

ఫిల్టరు దగ్గరి చిన్న మర సడలించాడు. డీజిల్ బుడగలు బుడగలుగా కారింది. బుడగలు పోయి ధార కట్టిన తరువాత మర బిగించాడు. రెండో విసురుకు ఇంజను లేచింది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ రాల్చే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది. అందులోకి సన్నగా చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. గొట్టంలో గాలి ఉంటే పంపు ఎంత నెట్టినా ఆ గాలే నలుగుతుంది, నాజిలు చిమ్మదు.

పద్యం కొరుకుడు పడకపోతే ముందు క్రియ వెతకమని మా పిల్లలకు చెబుతూ ఉంటాను. ఇంజనుకు ఆ క్రియ "ఎట్లా ఆగింది?" అన్న ప్రశ్న. నీరసించి, మెల్లగా ఆగినదా? ఫిల్టరు పూడిందేమో, డీజిల్లో నీళ్లు చేరాయేమో చూడాలి. వేడెక్కి బిగుసుకున్నదా? చల్లారేదాకా హ్యాండిలు ముట్టరాదు. తరువాత చల్లార్చే నీళ్లూ, ఆయిలూ చూడాలి. నిన్న చక్కగా నడిచి, మనం ఆపితేనే ఆగినదా? కుళాయి మూసి ఉందేమో, ఆపే లీవరు ఆపినచోటే ఉండిపోయిందేమో!

తిప్పేటప్పుడు పొగగొట్టం మీద ఒక కన్ను వేయండి. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతున్నది గాని అంటుకోవడం లేదన్నమాట. పొగే లేకుంటే సాధారణంగా డీజిలే చేరలేదు. డికంప్రెషన్ లీవరు వదిలేసినా హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంటే వాల్వులోనో, రింగుల్లోనో లోపం. అది మెకానిక్కు పని. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి. ఇంజను వెనక్కు తన్నితే చెయ్యి విరుగుతుంది. తువ్వాలు, పంచె అంచు ఫ్లైవీలు దాపులకు పోనివ్వకండి.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. ఆనాడు శెనక్కాయ ఇంజనుకు తిండి పెట్టింది. మా చేలల్లో ఇంజను శెనక్కాయకు నీళ్లు పెడుతున్నది. ఆ ఋణం సాగాలంటే పెద్ద విద్యలేమీ అక్కర లేదు. సాయంత్రం టాంకులో కాస్త డీజిల్ మిగిలి ఉండగానే ఇంజను ఆపి ఇంటికి వెళ్లండి. మరునాటి పొద్దు తిప్పడానికి కాక తడికి దక్కుతుంది.