ఊక బొగ్గు – నీటి బాధ్యత

మూసీనది కృష్ణలో కలిసే చోటు మన వాడపల్లి. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది హైదరాబాదు మురుగును మోసుకొని ఇంతదూరం వస్తున్నది. సంగమానికి చేరువలోనే మిర్యాలగూడ బియ్యపు మిల్లులున్నవి. ఒకవైపు మలినజలం, మరొకవైపు దానిని శుద్ధిచేయగల కర్బనానికి ముడిసరుకైన ఊక! ఈ రెంటినీ జతపరచుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు తగిన పని. అయితే అది ఏ విధంగా జరుగవలెనన్నదే అసలు ప్రశ్న.

ధాన్యపు బరువులో దాదాపు ఐదవ వంతు ఊక. దానిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, ఆరబెట్టి, గాలి చొరనీయక సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసినచో సూక్ష్మరంధ్రాలతో నిండిన కర్బనం ఏర్పడుతుంది. పిమ్మట ఆమ్లం పోవువరకు కడగవలెను. దీనినే రసాయనిక ఉత్తేజనం అంటారు. మేలైన ఉత్తేజిత కర్బనంలో ఒక్క గ్రాముకు వేయి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అనగా ఇంచుమించు పది గుంటల నేల! రంగులు, దుర్వాసన కలిగించే అనేక సేంద్రియ పదార్థాలు ఆ తలానికి అంటుకొనిపోతాయి.

అంతమాత్రాన దీనిని సర్వరోగనివారిణిగా భావించరాదు. మన జిల్లాను ఎంతోకాలం పీడించిన ఫ్లోరైడును సాధారణ కర్బనం అంతగా పట్టుకొనలేదు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ పటిక, సున్నాలపై ఆధారపడినదే కాని బొగ్గుపై కాదు. ఊక ఉచితంగా దొరకుననుట కూడ పొరపాటే. ఉప్పుడు బియ్యపు మిల్లుల బాయిలర్లకు అదే ఇంధనం.

అన్నిటికన్న ముఖ్యమైనది కడిగిన నీటి సంగతి. అందులో ఆమ్లమూ, ఫాస్ఫేటూ మిగిలి ఉంటాయి. దానిని కాలువలోకి వదిలినచో ఇప్పటికే మూసీని ఆవరించిన గుర్రపుడెక్కకు మనమే ఎరువు వేసినవారమవుతాము. జింక్ క్లోరైడు వాడినచో చేపలకు హానికరమైన జింకు నీటిలో చేరుతుంది. ఒక నీటిని శుద్ధిచేయుటకు మరొక నీటిని చెరచుట విజ్ఞానమనిపించుకొనదు. మొదటి కడుగునీటిలోని ఆమ్లాన్ని మరల వాడుకొనవలెను. మిగిలినదానిని సున్నంతో తటస్థపరచి, పేరుకొన్న మడ్డిని వేరుచేయవలెను.

కళాశాల కమిటీవారు ఒక చిన్న కొలిమికి, కొద్దిపాటి రసాయనాలకు నిధులు సమకూర్చినచో ఈ ప్రయోగం మన ప్రయోగశాలలోనే సాధ్యం. విద్యార్థులు మిథిలీన్ బ్లూ ద్రావణంతో కర్బనపు శక్తిని కొలువవచ్చును. దానితోపాటు ఎంత ఆమ్లం వాడినదీ, ఎంత తిరిగి వచ్చినదీ, ఎన్ని లీటర్ల నీరు ఖర్చయినదీ అదే నోటుపుస్తకంలో వ్రాయవలెను. ఆ లెక్క సరిపడిననాడే ఈ పద్ధతిని వాడపల్లి రైతుకు, మిల్లు యజమానికి సిఫారసు చేయుటకు మనకు అర్హత కలుగుతుంది.