పోటీకి భయపడేది ఎవరు?

"రిజర్వేషన్ ఉంటే ఇంక వాళ్లెందుకు చదువుతారు?" హోటల్ కాడ, బళ్లో, ఆఫీసులో ఎక్కడ చూసినా ఇదే మాట. సీటు రాసిపెట్టి ఉంది గనక మన పిల్లలు సోమరులైపోతారట! మెరిట్ చచ్చిపోతోందట!

రిజర్వేషన్ అంటే పోటీ లేకపోవడం కాదు. ఎస్సీలకు 15 శాతమంటే వంద సీట్లలో పదిహేను. ఆ పదిహేనింటికి మన పిల్లలే ఒకరితో ఒకరు పోటీ పడాలి. ఓపెన్‌లో మెరిట్‌తో గెలిచినవాణ్ణి కోటాలో లెక్కగట్టకూడదని 1995లో సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. తలుపు మూసిన ఇంటికి దరఖాస్తు ఎవడు పెడతాడు? తలుపు తెరిచాకనే మన కూలోళ్ల బిడ్డలు పరీక్ష హాలు దాకా వచ్చారు.

మరి పోటీలో మన పిల్లల కాళ్లు విరగ్గొట్టేది ఏది? కులం. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే దారి వెతికే పజిళ్లు ఇచ్చారు. 2004లో ఫలితం అచ్చయింది. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు సమానం. అందరి ముందు కులం పేరు చదివి ఆడించేసరికి దళిత పిల్లల లెక్క దాదాపు ఐదో వంతు పడిపోయింది. అవే బుర్రలు, అవే పజిళ్లు!

ఉద్యోగంలో చేరాక పని చెడుతుందా? 1980 నుంచి 2002 దాకా రైల్వే లెక్కలన్నీ తీసి అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ పరీక్షించారు. ఎస్సీ, ఎస్టీల వల్ల పని తగ్గిందనడానికి ఆధారమే దొరకలేదు. పై ఉద్యోగాల్లో వాళ్లు పెరిగినచోట పని మెరుగైన జాడలే కనబడ్డాయి.

1990లో మండల్ మీద బూట్లు పాలిష్ చేసి, చీపుళ్లు పట్టి రోడ్డెక్కారే, మన పనిని ఎగతాళి చేసిన ఆ మెరిట్ వీరులు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్ల మీద ఎన్నిసార్లు రోడ్డెక్కారు? 2019లో మన పేదల్ని బయటపెట్టి అగ్రకుల పేదలకు 10 శాతం ఇచ్చినప్పుడు ఆ గొంతులు ఏమయ్యాయి? కోటా మనకైతే సోమరితనం, వాళ్లకైతే న్యాయం!

అన్నలారా, అక్కలారా! స్కాలర్‌షిప్ పేరు చెప్పి "ఎస్సీలంతా లేచి నిలబడండి" అని క్లాసులో పిలిచే పద్ధతిని ఊరూరా అడ్డుకుందాం. నోటిఫికేషన్ పడిన రోజే పేట పేటకూ తిరిగి, ఆడపిల్లల చేత కూడా దరఖాస్తు పెట్టిద్దాం. పోటీకి మేం భయపడం. మేం పోటీకి వస్తామనే వాళ్ల భయం.

జై భీమ్!