జాబితా ఏ గుమ్మానికి తగిలించాలి?

గుంటూరులో ఒక పచ్చళ్ల దుకాణం ఉందనుకుందాం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కూడా ఆర్డర్లు ఇస్తారన్న ఆశతో ఇంటిల్లిపాదీ కూర్చుని వెబ్‌సైటు పెట్టించారు. ఏప్రిల్‌లో కొత్తావకాయ పేజీ తయారైంది. ధర, బరువు, ఫొటో అన్నీ ఉన్నాయి. గూగుల్‌లో వెతికితే మాత్రం రాదు. అది కనిపించేసరికి మామిడికాయల కాలమే అయిపోయింది! ఏడాదికోసారి వచ్చే గిరాకీ కాస్తా చేజారింది.

సైటు తయారుచేసిన కుర్రాణ్ని అడిగితే, 'సైట్‌మ్యాప్‌ పెట్టాం కదండీ' అంటాడు. పెట్టాడు సరే, ఎక్కడ పెట్టాడు?

సెర్చ్‌ ఇంజిన్లు ఒక పేజీలో ఉన్న లింకు పట్టుకుని ఇంకో పేజీకి వెళుతూ ఉంటాయి. ఏ లింకూ లేని పేజీ ఓ పట్టాన వాటి కంట పడదు. అందుకని సైటులో ఉన్న పేజీల చిరునామాలన్నీ ఒకే ఫైలులో వరసగా రాసి పెడతారు. అదే సైట్‌మ్యాప్‌. 2005 జూన్‌లో గూగుల్‌ దీన్ని మొదలుపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్‌ కూడా అదే పద్ధతికి ఒప్పుకున్నాయి.

ఈ పద్ధతిలో చాలామంది పట్టించుకోని నియమం ఒకటుంది. ఫైలు ఏ ఫోల్డరులో ఉంటే ఆ ఫోల్డరు, దాని లోపలి పేజీల గురించి మాత్రమే అది చెప్పగలదు. అపార్ట్‌మెంట్‌లో ఎ-బ్లాకు మెట్ల దగ్గర తగిలించిన బోర్డు మీద బి-బ్లాకు వాళ్ల పేర్లు రాస్తే పోస్ట్‌మ్యాన్‌ నమ్ముతాడా? అందరి పేర్లూ రాయాలంటే బోర్డు మెయిన్‌ గేటు దగ్గరే ఉండాలి. సైటుకి ఆ గేటు 'రూట్‌' ఫోల్డరు. అంటే సైటు పేరు, ఆ తర్వాత ఒక్క గీత, వెంటనే ఫైలు పేరు.

ఇదేం చాదస్తం అనిపించవచ్చు. కానీ ఒక కాలేజీ సర్వర్లో విద్యార్థులందరికీ తలా ఒక ఫోల్డరు ఇచ్చారనుకోండి. అందులో ఒకడు తన ఫోల్డరులో ఫైలు పెట్టి, కాలేజీ మొత్తం పేజీలకు తానే జాబితా ఇస్తానంటే కుదరదు కదా! రూట్‌లో ఫైలు పెట్టగలిగినవాడికే సైటు మొత్తం మీద అధికారం ఉంటుందని లెక్క.

ఇప్పుడు పచ్చళ్ల సంగతికొద్దాం. అమ్మకాల సాఫ్ట్‌వేర్‌ని 'షాప్‌' అనే ఫోల్డరులో వేశారు. అది తయారుచేసిన సైట్‌మ్యాప్‌ కూడా ఆ ఫోల్డరులోనే ఉండిపోయింది. కొత్తావకాయ పేజీని మాత్రం ముచ్చటపడి విడిగా, ఫోల్డరు బయట పెట్టారు. జాబితాలో దాని పేరు రాసినా ఆ నియమం ప్రకారం చెల్లదు. విరుగుడు చిన్నదే. ఫైలును రూట్‌లోకి మార్చాలి. చాలా హోస్టింగ్‌ ఖాతాల్లో ఆ చోటు పేరు 'పబ్లిక్‌ హెచ్‌టీఎమ్‌ఎల్‌'. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లకు 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్‌ నుంచి సైట్‌మ్యాప్‌ దానంతటదే తయారవుతోంది.

ఫైలును కదపడం కుదరని వాళ్లకు గూగుల్‌ ఒక వెసులుబాటు ఇచ్చింది. సైటు తమదేనని 'సెర్చ్‌ కన్సోల్‌'లో రుజువు చేసుకుని, అక్కడ చిరునామా ఇస్తే ఫైలు సైటులో ఏ మూల ఉన్నా పరవాలేదు. మిగతా ఇంజిన్లకూ చెప్పాలంటే 'రోబోట్స్‌' అనే టెక్స్ట్‌ ఫైలులో ఒక్క వరస రాస్తే చాలు. 2007 ఏప్రిల్‌ నుంచీ ఈ సదుపాయం ఉంది. జాబితా వేరే సైటులో ఉన్నా ఈ వరసతో దారి చూపవచ్చు. అయితే రోబోట్స్‌ ఫైలు మాత్రం కచ్చితంగా రూట్‌లోనే ఉండాలి.

ఇంకో తిరకాసు. ముందు మూడు డబ్ల్యూలున్న చిరునామా, అవి లేని చిరునామా మనకు ఒకటే. సెర్చ్‌ ఇంజిన్లకు రెండు వేర్వేరు ఇళ్లు. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్‌ కూడా అంతే. సైటు దేనితో తెరుచుకుంటుందో జాబితాలోనూ అదే రాయాలి.

ఇంతా చేసి, సైట్‌మ్యాప్‌ పెట్టగానే పేజీ మొదటి వరసలోకి వచ్చేస్తుందని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వనక్కర్లేదు. అది పేజీ ఉన్న సంగతి చెబుతుంది గానీ, చోటు ఇప్పిస్తానని పూచీ పడదు. సుమారు 500 పేజీల లోపు ఉండి, ముందు పేజీ నుంచి అన్నిటికీ లింకులున్న సైటుకి ఇది లేకపోయినా ఫర్వాలేదని గూగులే అంటోంది. కాబట్టి ఆ దుకాణం వాళ్లు ముందు చేయాల్సింది, మొదటి పేజీలో కొత్తావకాయకు ఒక లింకు పెట్టడం. ఒక ఫైలులో 50,000 చిరునామాలు పడతాయి కనుక చోటు చాలదన్న బెంగ వాళ్లకెటూ లేదు.

జాబితాలో పేజీ ఎప్పుడు మారిందో తేదీ కూడా వేయవచ్చు. ధర మార్చిన రోజునో, ఫొటో మార్చిన రోజునో వేస్తే మంచిది. కొందరు రోజూ ఉత్తుత్తినే తేదీ మారుస్తుంటారు. అలా చేస్తే గూగుల్‌ ఆ తేదీని లెక్కలోకి తీసుకోవడమే మానేస్తుంది.